దండోరా విన్నవాళ్ళు

"ఈ పాప మీద తల్లిగా గాని, బంధువుగా గాని హక్కున్నవారు ఎవరైనా ఉన్నారా?" అని జడ్జీగారు అడిగిన ప్రశ్నకు జవాబు రాదనే అందరూ అనుకున్నారు. వకీలు విజయభాస్కర్‌గారు కాగితాలు సర్దుకోవడం కూడా మొదలుపెట్టారు. అప్పుడే ఆడవాళ్ళు కూర్చున్న బల్ల మీద నుంచి సుల్తాన్‌బీ, తల మీది కొంగు సవరించుకుని లేచింది.

"నాకుండాది దొరా. నేను దీనికి తల్లిని."

కిందటి వారం మనం, పాపను పెంచుతున్న రెబెక్కమ్మను ఆ మాట దగ్గరే విడిచి వచ్చాం. ఆ మాట ఎవరో పరాయి మనిషి అని ఉంటే ఆమె తట్టుకునేదే. సుల్తాన్‌బీ పరాయిది కాదు. మైపాడులో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. మధ్యనున్న తడిక మీదుగా నిప్పూ, ఉప్పూ, చంటిబిడ్డా చేతులు మారిన ఇళ్ళు.

జడ్జీగారు గడియారం వంక చూసి, భోజనాల తరువాత ఈ సంగతి తేలుస్తానని లేచిపోయారు. విజయభాస్కర్‌గారు వరండాలోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పారు.

"రెబెక్కమ్మగారూ, మధ్యాహ్నం కూడా ఆమె ఇదే మాట మీద నిలబడితే మన అర్జీ పోయినట్టే. పాపను దత్తు తీసుకునేందుకు ఇంగ్రిడమ్మగారికి వాళ్ళ దేశం వాళ్ళిచ్చిన అనుమతి ఈ వేసవితో తీరిపోతుంది. మళ్ళీ ఇస్తారో ఇవ్వరో. ఆమెతో మీరే మాట్లాడండి. నేను మాట్లాడితే బెదిరించినట్టుంటుంది."

ఆయన పుస్తకాలు తిరగేసుకోవడానికి వెళ్ళిపోయారు. రెబెక్కమ్మ గోడవారగా చతికిలబడి, సంచిలోంచి ఊలు ఉండా, సూదులూ తీసింది. పని చెడే మాట చెవిన పడినప్పుడు మనిషి చేతికి ఏదో ఒక పని ఉండాలి. లేకపోతే ఆ చేతులు ఏం చేస్తాయో చెప్పలేం.

ఆ ఊలు చొక్కా సంగతి మైపాడులో తెలియనివాళ్ళు లేరు. పాప పేరు దీవెన. నాలుగేళ్ళ కిందట, నిండుచూలాలు ఒకామె కావలి బస్సు దిగి, జ్వరంతో తూలుతూ నెల్లూరు మిషన్ ఆసుపత్రి మెట్లెక్కింది. బిడ్డను కని, తన పేరైనా చెప్పకుండా కన్ను మూసింది. అక్కడ నర్సుగా ఉన్న స్వీడన్ దొరసాని ఇంగ్రిడమ్మ ఆ బిడ్డను ఎత్తుకుంది. రోగుల మంచాల దగ్గర కూర్చుని వాక్యం చదివి వినిపించే పని చేసుకుంటున్న రెబెక్కమ్మ బిడ్డను ఇంటికి తెచ్చుకుంది. రెండేళ్ళకు, తల్లికి జబ్బు చేసిందని ఇంగ్రిడమ్మ తన దేశం వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళే రోజున పాప కాళ్ళు పట్టుకుని, తిరిగి వచ్చి తీసుకుపోతానని చెప్పి ఓడ ఎక్కింది. ఆమె భర్త కూడా సరేనన్నాడు. అప్పటినుంచి ఎదురుచూపులే. ఆ దేశం ఆఫీసులు, ఈ దేశం ఆఫీసులు, ముద్రలు, వాయిదాలు.

వెళ్ళిన తొలి చలికాలంలోనే ఇంగ్రిడమ్మ నీలం ఊలు పంపింది, పాప ప్రయాణానికి చొక్కా అల్లమని. రెబెక్కమ్మ అల్లింది. కాగితాలు రాలేదు, పాప పెరిగింది. చొక్కా విప్పి, కాస్త తెల్ల ఊలు కలిపి పెద్దదిగా అల్లింది. మళ్ళీ కాగితాలు రాలేదు, పాప మళ్ళీ పెరిగింది. ఇప్పుడు మూడోసారి అల్లుతోంది. సముద్రం ఒడ్డున ఉక్కపోతలో ఊలు అల్లే మనిషిని చూసి, "ఎవరికమ్మా అది, చేపలకా?" అని వలలు బాగుచేసుకునేవాళ్ళు నవ్వేవారు. "నా దేవుడికి మాట అందినట్టు గుర్తు అబ్బయా" అనేది రెబెక్కమ్మ. ఆమె నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. దీపాలు పెట్టే వేళకు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మోకాళ్ళు తిమ్మిరి పట్టేదాకా ప్రార్థన చేసేది. స్వీడన్‌లో అది మధ్యాహ్నం వేళ. ఇంగ్రిడమ్మ కూడా సరిగ్గా ఆ వేళకే చేతిలో పని వదిలి కళ్ళు మూసుకుంటుందని ఇద్దరి మధ్య ఒప్పందం. రెబెక్కమ్మకు గుండె బలం తగ్గిపోతోంది. తన తరువాత పాపకు ఎవరున్నారన్న దిగులు ఒకటీ, పాప వెళ్ళిపోతే తనకెవరున్నారన్న దిగులు ఒకటీ. ఏ రోజు ప్రార్థనలోనూ ఆమె రెండో దిగులును దేవుడి ముందు పెట్టలేదు. నేనైతే పెట్టి ఉందును.

వాయిదా ఉన్న రోజు ఆమె పచ్చి నీళ్ళు ముట్టదు. ఆ రోజు సుల్తాన్‌బీకీ ఉపవాసమే, రంజాను నెల. కోర్టు వరండాలో ఇద్దరు ఉపవాసపు ఆడవాళ్ళ మధ్య కూర్చుని దీవెన ఒక్కతే పెరుగన్నం తింటోంది.

"మీరు తినరా?"

"నాకు రోజా తల్లీ" అంది సుల్తాన్‌బీ.

"నాకు ప్రార్థన" అంది రెబెక్కమ్మ.

"నేనొక్కదాన్నే తింటే దేవుడు కోప్పడడా?"

"పిల్లోళ్ళు తింటేనే ఆయనకి కడుపు నిండేది. తిను" అంది సుల్తాన్‌బీ, పాప మూతి తుడుస్తూ.

ఆ తుడవడం చూసి రెబెక్కమ్మ ఇక ఆగలేకపోయింది.

"నీకేం అన్యాయం చేసినాను సుల్తాన్‌బీ? ఊరంతా తెలిసినదానివే. ఇంగ్రిడమ్మ కన్నీళ్ళు చూసినదానివే. ఇన్నేళ్ళూ ఊరుకుని, ఒడ్డు కనపడే వేళకు పడవకి బొక్క పెడితివే!"

"బొక్క నేను పెట్టలేదక్కా. దండోరా వేసినప్పుడు నువ్వు యాడున్నావు?"

"ఇంట్లోనే ఉండా."

"అయితే వినే ఉంటావు. చిన్నపోలయ్య తప్పెట కొట్టి ఏమని అరిచినాడు? ‘రెబెక్కమ్మ ఇంట్లో పెరిగే ఆడబిడ్డకి తల్లి గాని, తండ్రి గాని, చుట్టం గాని ఉంటే ఫలానా రోజు కోర్టుకి రావాలహో’ అన్నాడా లేదా? నేను ఆ పొద్దు ఇసకలో ఎండుచేపలు తిరగేస్తా ఉండా. చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది."

అసలు ఆ దండోరా మైపాడుతో ఆగలేదు. తల్లి కావలి బస్సు దిగిందని ఆసుపత్రివాళ్ళు చెప్పినందువల్ల, బోగోలు వైపు సముద్రపు ఊళ్ళలోనూ వేయించమని కోర్టు చెప్పింది. అక్కడినుంచి ఎవరూ రాలేదు. వచ్చింది పక్కింటి మనిషి.

"సర్కారోళ్ళు అడిగేది కన్నదాన్ని" అంది రెబెక్కమ్మ. "అది నీకూ తెలుసు."

"తెలుసు. నేనేం పసిదాన్ని కాదు. కానీ పాలిచ్చిన మనిషి తల్లి కాదని మా మతంలో అనడానికి లేదక్కా. ఆ రోజు ఆస్పత్రిలో పక్క మంచం మీద మా సిలార్‌గాణ్ని కని పడుకోనుండా. ఆ దొరసాని ఈ బిడ్డను తెచ్చి, వచ్చీరాని తెలుగులో, రెండు చేతులూ జోడించి అడిగింది. ఒక పక్క వాణ్ని, ఒక పక్క దీన్ని పడుకోబెట్టుకున్నా. పళ్ళొచ్చి కొరికేదాకా ఇచ్చినా. ఆ పాలతోనే అయిపోయింది. నేను దీనికి తల్లి, మా ఆయన తండ్రి, సిలార్‌గాడు అన్న. రేపు వాడికీ దీనికీ పెళ్ళి మాట ఎత్తినా పాపమే. ఇది నేను కలుపుకున్న చుట్టరికం కాదు, పైవాడు కలిపింది. రోజా నోటితో, దీనికి తల్లి లేదని ఎట్టా చెప్పేది?"

"నిన్నెవరు చెప్పమన్నారు? నోరు మూసుకుని కూర్చోనుంటే చాలు గదా!"

"మూసుకుని కూర్చుంటే అది చెప్పినట్టే గదక్కా."

రెబెక్కమ్మ చేతిలో సూదులు ఆగిపోయాయి. ఎన్ని ఊళ్ళు తిరిగి, ఎంతమందికి సత్యం గురించి చెప్పిందో ఆమె! ఆ మాట ఇవాళ తన ఒళ్ళోకే వచ్చి పడింది. కాని పాప సంగతి ముందు సత్యం కూడా బరువుగానే ఉంది. అందుకే, అడగడానికి భయపడుతున్నదే అడిగేసింది.

"అయితే బిడ్డను ఉంచేసుకుంటావా?"

సుల్తాన్‌బీ పాప వైపు చూసింది. దీవెన మిగిలిన అన్నం ముద్ద చేసి గిన్నె పట్టుకుని వరండా చివరికి నడిచింది. అక్కడ మూట ఒళ్ళో పెట్టుకుని, పొద్దుటినుంచి ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎవరి వాయిదాకు వచ్చిందో. పాప ఆమెకు గిన్నె అందించడం ఇద్దరూ చూశారు.

"చూడు, దాని బుద్ధి" అంది సుల్తాన్‌బీ. తరువాత మెల్లిగా చెప్పింది. "నన్ను నేను అడుక్కోలేదనుకున్నావా? తెల్లారుజామున సహరీ తిండికి లేచి మా ఆయన్ని అడిగినా, ఉంచేసుకుందామా అని. చోటే సాహెబ్ సంగతి నీకు తెలుసు గదా, తిండి దగ్గర మాట వినబడదు ఆ మనిషికి. అట్టాంటోడు ముద్ద నోటిదాకా తీసుకుపోయి దించేసినాడు. ‘ఆ దొరసాని అడగబట్టే గదా నువ్వు పాలిచ్చింది. అడిగినామె ఆడ చూస్తా కూర్చోనుంటే మనం ఈడ దాచుకుంటామా’ అన్నాడు. ఇంకేం మాట్లాడేది? అడిగినామె ఆమె, ఇచ్చినదాన్ని నేను, పెంచినదానివి నువ్వు. ముగ్గురం తల్లులమే, ముగ్గుర్లో ఒక్కరం కూడా కన్లేదు!"

"మరి దేనికి లేచినావే, తల్లీ!"

"ఇచ్చేదానికి లేచినా. లేనిదాన్ని ఎట్టా ఇస్తారు? తల్లినని ముందు రాసుకోనీ, ఆ తర్వాత గదా నేను ఇచ్చేది. తల్లినని నేను చెప్పగానే ఆ జడ్జీ దొర అన్నానికి లేచిపోతే నేనేం చేసేది?"

రెబెక్కమ్మ ఆమెకు దగ్గరగా జరిగింది.

"ఇంకోటి" అంది సుల్తాన్‌బీ. "అన్న పేరు సిలార్ అని కూడా రాయించాలి. వాడు రేపు పెద్దోడై వాళ్ళ మేనమామ మాదిరి ఓడల్లో పనికి పోయి, ఆ మంచు దేశంలో దిగి, బజార్లో ఈ పిల్లను చూసి, తెలీక మనసు పడితే? ఎవరక్కా ఆపేది?"

రెబెక్కమ్మకు నవ్వొచ్చింది. ఆ రోజుకు అదే మొదటి నవ్వు.

"అంత దేశంలో వాడికి ఇదే కనపడాల్నా?"

"చెప్పలేం. వాడికి మంచి కన్ను. ఎండుచేపల గంపలో మంచి చేప వాడే ఏరతాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే సుల్తాన్‌బీ కళ్ళు ఒత్తుకుంది.

"దీనికి పదహారేళ్ళొచ్చినాక, నన్ను ఎవరికీ వద్దా అని ఒక పొద్దు ఏడస్తాది. ఏడవకుండా ఉండదు. అప్పుడు ఆ దొరసాని చెప్పాల. నిన్ను పారేసుకోలేదు, మీ అమ్మ కోర్టులో అందరి ముందర లేచి నిలబడి, నా బిడ్డ అని చెప్పి ఇచ్చింది అని. నేను నోరు మూసుకోనుంటే ఆమె ఏం చెప్తాది?"

ఇంత కాలం ఎదురుచూస్తున్నది తానూ ఇంగ్రిడమ్మే అని రెబెక్కమ్మ అనుకుంది. ఇక్కడొకతి, అక్కడొకతి, మధ్యన సముద్రం, పైన దేవుడు. తడికకు అవతల మూడో మనిషి కూడా ఎదురుచూస్తోందని, ఆమెకూ ఒక దేవుడి ముందు జవాబు చెప్పుకోవలసిన భారం ఉందని ఆమెకు తట్టనే లేదు. సుల్తాన్‌బీ చెయ్యి పట్టుకుని తన ఒళ్ళోకి, ఆ ఊలు మీదికి తీసుకుంది.

"అన్ని దిక్కులా తిరిగి ప్రార్థన చేసినా. నీ ఇంటి దిక్కు చూడలేదే. క్షమించు."

"ఊరుకో అక్కా. అల్లేది అల్లు. చెయ్యి పొడుగు చాలదు, అది చానా పొడుగు పెరుగుతాది."

దీవెన ఖాళీ గిన్నెతో తిరిగి వచ్చింది.

"ఆ అవ్వ నా కాళ్ళు ముద్దు పెట్టుకునింది బీమ్మా!"

"పెట్టుకోదా మరి, అన్నం పెట్టినావు గదా" అంది సుల్తాన్‌బీ.

భోజనాల తరువాత బంట్రోతు పిలిచాడు. సుల్తాన్‌బీ బోనులోకి ఎక్కి, వరండాలో చెప్పిందంతా మళ్ళీ చెప్పింది, చోటే సాహెబ్ ముద్ద దించిన సంగతితో సహా. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జీగారు నవ్వలేదు.

"పాలిచ్చినంత మాత్రాన చట్టం నిన్ను తల్లి అనదమ్మా" అన్నారు మెత్తగా.

"చట్టం అనకపోతే పోనీండి దొరా. మీరు అడిగినారు, నేను ఉండానని చెప్పినా. ఇప్పుడు ఇస్తా ఉండా. ఇంగ్రిడమ్మకి. సంతోషంగా. రాసుకోండి."

 జడ్జీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టుగా రాయమని గుమాస్తాతో అన్నారు. పాలిచ్చిన తల్లి, మైపాడు కాపురస్తురాలు, సుల్తాన్‌బీ. అన్న, సిలార్. గుమాస్తా చదివి వినిపించాడు. సుల్తాన్‌బీ తల ఊపుతూ వింది. వేలిముద్ర వేయడానికి సిరా అద్దుకున్న బొటనవేలు కాగితం మీదికి వంగి, ఒక్క క్షణం అక్కడే నిలిచింది. ఆ క్షణంలో ఆమె ఏం చూసిందో మనం అడగవద్దు. తరువాత గట్టిగా ఒత్తింది.

బోను దిగి, నేరుగా పాప దగ్గరకు వచ్చింది. వేలికి ఇంకా మిగిలిన సిరాను పాప బుగ్గ మీద దిష్టిచుక్కలా పెట్టింది.

రెబెక్కమ్మ కళ్ళు మూసుకుంది. ప్రభువా, అంది లోపల.  ఇంగ్రిడమ్మకు తంతి ఇవ్వాలి, చొక్కా చేతులు ముగించాలి, పాపకు బూట్లు చూడాలి. బూట్లంటే పెద్ద పనే. దీవెన కుడికాలి చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి కూర్చుని ఉంటుంది. ఇంగ్రిడమ్మ పంపిన నల్ల బూట్లు ఆ వేలిని ఒరిసి పుండు చేశాయి. పుట్టినప్పటినుంచి రోజూ నూనె రాసి రెబెక్కమ్మ ఆ వేలిని దించుతుంది, తెల్లవారేసరికి అది మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది. అలాంటి కాలు ఇంకొకటి ఉండదని ఇంగ్రిడమ్మ దాన్ని ముద్దు పెట్టుకునేది.

జడ్జీగారు కలం తీశారు. "ఆఖరుసారి అడుగుతున్నాను. ఇంకెవరైనా ఉన్నారా?"

ఊపిరి వదిలిన రెబెక్కమ్మ ఒళ్ళోంచి ఊలు ఉండా జారింది. నేల మీద నీలం దారం విడుచుకుంటూ, బల్లల మధ్యగా దొర్లి గుమ్మం దాకా పోయింది. గుమ్మంలో నేల మీద కూర్చున్న ఎవరిదో కాలికి తగిలి ఆగింది. దారం వెంట రెబెక్కమ్మ చూపు కూడా అక్కడిదాకా పోయి ఆగింది.

ఉప్పు నీళ్ళకు పగుళ్ళు తేలిన ముసలి కాలు. చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి కూర్చుని ఉంది.

రెబెక్కమ్మ చూపు ఆ కాలి మీద నుంచి పైకి లేచింది. మూట, మూట మీద బిగిసిన చేతులు, పమిట చెంగు నోట్లో కుక్కుకున్న ముఖం. వరండాలో పాప అన్నం పెట్టిన మనిషి. ఆమె పాపను చూడడం లేదు. రెబెక్కమ్మనే చూస్తోంది. చూస్తూ, వద్దు, చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఆడించింది.

కలం కాగితానికి తగలబోతోంది. ఎవరూ ఆ గుమ్మం వైపు చూడలేదు. చూసినా వాళ్ళకు కాలు కాలే. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. దీవెనకు ఇల్లు, ఇంగ్రిడమ్మకు బిడ్డ, తనకు నిశ్చింతగా కన్ను మూసే భాగ్యం. పైగా ఆ ముసలామే వద్దంటోంది. ఇన్నేళ్ళ ప్రార్థనకు జవాబు అంత దగ్గరగా ఉంది.

పక్కన సుల్తాన్‌బీ, సిరా అంటిన వేలు చీరకు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. మూసుకుని కూర్చుంటే అది చెప్పినట్టే గదక్కా.

రెబెక్కమ్మ బల్ల అంచు పట్టుకుని లేచింది.  

"అయ్యా" అంది. "సంతకం చెయ్యొద్దు. ఇంకొకరున్నారు."